మునిగిన ఊళ్ళో ఇరుగుపొరుగు

కార్తీకమాసం దగ్గరపడేసరికి మన సముద్రతీరపు ఊళ్ళలో పెద్దవాళ్ళు ఆకాశంకేసి అనుమానంగా చూస్తారు. అవి తుపానుల రోజులు. బంగాళాఖాతంలో పుట్టే పెద్ద సుడిగాలిని మనం తుపాను అంటాం. అదే అట్లాంటిక్ మహాసముద్రంలో పుడితే అక్కడివాళ్ళు హరికేన్ అంటారు. పసిఫిక్ మహాసముద్రానికి పడమటి వైపున పుడితే టైఫూన్ అంటారు. పేర్లు మూడైనా ఆ మూడూ ఒకటే.

2017 ఆగస్టు నెలలో అటువంటి హరికేన్ ఒకటి అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం మీదికి వచ్చింది. హరికేన్లకు మనుషుల పేర్లు పెట్టటం అక్కడి రివాజు. దీనికి హార్వీ అని పేరు పెట్టారు. అమెరికా నగరాలలో జనాభాను బట్టి నాలుగోదైన హ్యూస్టన్‌ను హార్వీ నీట ముంచింది. ఆ నగరంలో తెలుగు కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. వాన కురిసిన నాలుగు రోజులలోనూ, ఆ తరవాత ఎన్నో నెలలపాటూ అక్కడి జనానికి అందరికన్నా ముందుగా అక్కరకు వచ్చినవాడు ఎవడంటే, పక్కింటివాడు. ఆ సంగతే ఇప్పుడు చెప్పుకుందాం.

ఆగస్టు 25, శుక్రవారం రాత్రి హార్వీ రాక్‌పోర్ట్ అనే చిన్న రేవు పట్టణం దగ్గర తీరం దాటింది. అప్పుడు గాలి గంటకు 130 మైళ్ళ వేగంతో వీస్తున్నది. అక్కడ ఇళ్ళ కప్పులు లేచిపోయాయి, చెట్లు కూలిపోయాయి. హ్యూస్టన్ ఆ చోటికి నూటయాభై మైళ్ళకు పైగా దూరాన ఉన్నది కనక, గాలిదెబ్బ అక్కడ అంతగా తగలలేదు. హ్యూస్టన్‌కు ప్రమాదం మరొక రూపంలో వచ్చింది.

తుపానుకు ఆహారం సముద్రపు వెచ్చదనం. వెచ్చని నీరు ఆవిరి అయి పైకి లేస్తుంది. పైన చల్లబడి మళ్ళీ నీటిబొట్లుగా మారుతుంది. అలా మారేటప్పుడు ఆవిరి తనలో దాచుకున్న వేడిని గాలికి ఇచ్చేస్తుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది. కింది నుంచి మరింత తడిగాలి వచ్చి ఆ చోటు నింపుతుంది. ఇలా తుపాను బలుస్తుంది. అయితే అది తనంతట తాను ముందుకు నడవలేదు. ఆకాశంలో చాలా ఎత్తున వీచే గాలులు దాన్ని నెట్టుకుపోవాలి. నేల మీదికి నెట్టినాక దానికి ఆహారం దొరకదు, నీరసించి చెదిరిపోతుంది.

హార్వీని నెట్టే గాలి లేకపోయింది. దానికి అటూ ఇటూ అధిక పీడనం గల గాలి నిలిచిపోయి, దారి ఇవ్వలేదు. ఒకే చోట గిర్రున తిరిగే బొంగరంలాగా అది ఇంచుమించు నాలుగు రోజులు టెక్సస్ తీరం దగ్గరే తచ్చాడింది. అక్కడ ఉంటూనే పక్కన ఉన్న మెక్సికో సింధుశాఖ నుంచి తడిగాలిని లాక్కుని, ఆ నీటినంతా నేల మీద కుమ్మరించింది.

హ్యూస్టన్‌లో ఏడాది పొడుగునా పడే వాన సుమారు 50 అంగుళాలు. హార్వీ మూలాన నెడర్‌లాండ్ అనే ఊళ్ళో ఆ కొద్ది రోజులలోనే 60.58 అంగుళాల వాన పడింది! ఒక తుపాను ఒక చోట అంత వాన కురిపించటం అమెరికాలో అంతకు ముందెన్నడూ నమోదు కాలేదు. ఇంకొక వింత విన్నారా? ఉపగ్రహాల సాయంతో నేల ఎత్తును కొలిచే పరికరాలు ఆ ప్రాంతంలో ఉన్నాయి. ఆ వాన నీటి బరువుకు హ్యూస్టన్ ప్రాంతపు నేల సుమారు 2 సెంటీమీటర్లు కుంగిందని వాటి ద్వారా తెలిసింది. నీరు తీసినాక నేల మళ్ళీ పైకి లేచింది.

అంత నీరు ఎటు పోవాలి? హ్యూస్టన్ పళ్ళెంలాగా చదునైన నేల. మట్టి జిగటమట్టి, నీటిని త్వరగా తాగదు. మట్టి ఉన్న చోట కూడా చాలావరకు సిమెంటు రోడ్లూ, ఇళ్ళూ వచ్చేశాయి. ఊరి మధ్యగా బాయూలు అనే వాగులు మెల్లగా పారుతూ ఉంటాయి. మామూలు వానలకు ఆ వాగులే నీటిని సముద్రానికి చేరుస్తాయి. హార్వీ వచ్చినప్పుడు అవి పొంగి వీధుల్లోకి వచ్చాయి.

ముందుగానే జనాన్ని ఊరు దాటించవచ్చు గదా అని మీరు అడగవచ్చు. 2005లో రీటా అనే హరికేన్ వస్తున్నదని విని లక్షలాది మంది ఒకేసారి కార్లెక్కి బయలుదేరారు. మైళ్ళ పొడుగునా రోడ్లు స్తంభించిపోయాయి. విపరీతమైన ఎండలో, దారిలోనే సుమారు వందమంది చనిపోయారు. లక్షలమంది రోడ్ల మీద ఉండగా వరద వస్తే ఇంకా ఘోరం జరుగుతుందని భయపడి, ఈసారి నగరాధికారులు అందరినీ కదలమని ఆజ్ఞ ఇవ్వలేదు. ఆ నిర్ణయం మంచిదా కాదా అని తరవాత చాలా వాదాలు జరిగాయి. మొత్తం మీద జనం ఇళ్ళలోనే ఉండిపోయారు.

శనివారం రాత్రి నీరు ఇళ్ళలోకి వచ్చింది. ముందు గడప తడిసింది. తరవాత తివాచీ నీటి మీద తేలింది. జనం పిల్లలను మంచాల మీదికీ, బల్లల మీదికీ ఎక్కించారు. మేడ ఉన్నవాళ్ళు మేడ ఎక్కారు, లేనివాళ్ళు ఇంటికప్పు ఎక్కారు. ఆపద వేళ పిలవవలసిన 911 అనే నంబరుకు మామూలు రోజులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా పిలుపులు వచ్చాయి. అధికారుల దగ్గర ఉన్న పడవలు ఏ మూలకూ చాలలేదు. ఆదివారం నాడు హ్యారిస్ కౌంటీ, అంటే హ్యూస్టన్ ఉన్న జిల్లా, ముఖ్యాధికారి ఎడ్ ఎమ్మెట్ జనాన్ని ఉద్దేశించి, పడవలూ, ఎత్తయిన బండ్లూ ఉన్నవారు తమ ఇరుగుపొరుగులకు సహాయం చెయ్యాలని కోరాడు.

అప్పటికే చాలామంది ఆ పనిలో ఉన్నారు. హ్యూస్టన్ చుట్టుపక్కల చేపలు పట్టటం అంటే సరదా ఉన్నవాళ్ళు చాలామంది. వాళ్ళ పెరట్లలో చిన్న మోటారు పడవలు ఉంటాయి. ఆదివారం తెల్లవారేసరికి ఆ పడవలు, కార్లు నడిచే వీధుల్లో తిరుగుతున్నాయి. పడవ లేనివాళ్ళు పిల్లలు ఆడుకునే గాలి పరుపుల మీద ముసలివాళ్ళను కూర్చోబెట్టి, నడుములోతు నీటిలో లాక్కుపోయారు. ఎత్తయిన చక్రాల లారీలు ఉన్నవాళ్ళు లారీలు తెచ్చారు.

పక్క రాష్ట్రమైన లూయీజియానా నుంచి కూడా జనం పడవలను బండ్లకు తగిలించుకుని వచ్చారు. వీళ్ళకు కేజన్ నౌకాదళం అని పేరు. పేరుకు నౌకాదళమే గాని, అందులో సైనికులుగా ఎవరూ లేరు. చేపలు పట్టేవాళ్ళూ, కూలిపనివాళ్ళూ, దుకాణాలవాళ్ళూ ఉన్నారు. 2005లో కత్రినా హరికేన్ వచ్చి లూయీజియానాలోని న్యూ ఆర్లియన్స్ నగరం మునిగినప్పుడు ఇలాటివారే ఎవరికి వారు పడవలు తీసుకుని బయలుదేరారు. ఆ పేరు అప్పటిది. కత్రినా నాడు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న లూయీజియానావాసులు ఎంతోమందికి హ్యూస్టన్ నీడ ఇచ్చింది. పన్నెండేళ్ళ తరవాత లూయీజియానా పడవలు హ్యూస్టన్ వీధుల్లోకి వచ్చాయి.

ఎవరు ఎక్కడ చిక్కుకున్నదీ పడవలవాళ్ళకు ఎలా తెలిసింది? సెల్‌ఫోన్ల ద్వారా. ఒకరు మాట్లాడుతుంటే వందలమందికి వినిపించే సదుపాయం ఒకటి ఫోన్లలో ఉన్నది. ఇంటి దగ్గర పొడిగా కూర్చున్నవాళ్ళు ఆ పిలుపులు విని, చిరునామాలు రాసుకుని, దగ్గరలో ఉన్న పడవకు కబురు చేశారు. పడవ నడపటం రానివాళ్ళు కూడా ఈ విధంగా ప్రాణాలు కాపాడారు.

నీరు వేగంగా పారే చోట ఒక్కడు దిగితే కొట్టుకుపోతాడు. అటువంటి చోట్ల జనం చేతులు గట్టిగా పట్టుకుని గొలుసులాగా నిలబడ్డారు. మునుగుతున్న కారులో చిక్కుకున్న ఒక ముసలాయనను ఇలాగే బయటికి తెచ్చారు. మరొక చోట నెలలు నిండిన ఒక ఆవిడకు నొప్పులు మొదలయ్యాయి. ఆమె ఉంటున్న భవనంలోని వాళ్ళంతా గొలుసు కట్టి, ఆమెను పొడుగైన లారీ దాకా నడిపించి ఎక్కించారు. ఆస్పత్రిలో ఆమె క్షేమంగా ఆడపిల్లను కన్నది. హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో చదువుకునే భారతీయ విద్యార్థులు సుమారు 200 మంది నీటి మధ్య చిక్కుకున్నారని అప్పటి మన విదేశాంగమంత్రి సుష్మా స్వరాజ్ తెలియజేసినప్పుడు, ఇక్కడ ఎంతమంది తల్లిదండ్రులు నిద్రలేక గడిపారో!

వరద నీటిలోకి దిగటం చాలా ప్రమాదం అని కూడా మరిచిపోకూడదు. నీటి అడుగున గుంటలు ఉంటాయి, తెగిపడిన కరెంటు తీగలు ఉంటాయి. సహాయానికి వెళ్ళినవారిలోనే కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పిల్లలు మాత్రం ఎన్నడూ అటువంటి నీటిలోకి దిగరాదు.

ఇళ్ళు విడిచినవారికి నీడ కావాలి గదా? నగరం నడిబొడ్డున సభలు జరిగే ఒక పెద్ద భవనంలో అయిదు వేలమందికి మంచాలు వెయ్యాలని అనుకున్నారు. వచ్చినవారు పదివేలమంది దాకా అయారు! జిమ్ మెకింగ్‌వేల్ అనే వర్తకుడు పరుపులూ, మంచాలూ, సోఫాలూ అమ్మే తన పెద్ద దుకాణాల తలుపులు తెరిచి, రండి అన్నాడు. వందలకొద్దీ జనం అమ్మకానికి పెట్టిన కొత్త పరుపుల మీదనే పడుకున్నారు. ఒక రొట్టెల దుకాణంలో పనివాళ్ళు నీటి మూలాన రెండు రోజులు బయటికి రాలేకపోయారు. వాళ్ళు ఊరికే కూర్చోలేక, దుకాణంలో ఉన్న పిండితో రాత్రింబవళ్ళు రొట్టెలు కాల్చారు. నీరు తగ్గగానే ఆ రొట్టెలన్నీ వరదలో చిక్కినవారికి పంచిపెట్టారు.

మనుషులకే కాదు, ప్రాణులకు కూడా ఆ రోజులలో ఎన్నో పాట్లు వచ్చాయి. హ్యూస్టన్‌లో ఒక వంతెన కింది పగుళ్ళలో సుమారు రెండున్నర లక్షల గబ్బిలాలు కాపురం ఉండేవి. నీరు వంతెన దాకా వచ్చేసరికి చాలా గబ్బిలాలు చచ్చిపోయాయి. నీటిలో పడి కొట్టుకుంటున్నవాటిని దారిన పోయేవాళ్ళు వలలతోనూ, బకెట్లతోనూ పైకి తీశారు. అగ్నిచీమలు అనే ఎర్రచీమలు మటుకు ఎవరి సహాయమూ కోరలేదు. వేలకొద్దీ చీమలు ఒకదాని కాళ్ళు ఒకటి పట్టుకుని, నీటి మీద తేలే తెప్పలాగా అయాయి. రాణిచీమనూ, పిల్లలనూ ఆ తెప్ప మీద పెట్టుకుని, పొడినేల తగిలేదాకా తేలుతూ పోయాయి.

వాన వెనకపట్టినా కొన్ని పేటలకు గండం గడవలేదు. 1929లోనూ, 1935లోనూ హ్యూస్టన్‌కు పెద్ద వరదలు వచ్చాయి. వాటి తరవాత, 1940 ప్రాంతాల, నగరానికి పడమట అడిక్స్, బార్కర్ అనే రెండు మట్టికట్టలు కట్టారు. కాలక్రమాన వాటి చుట్టూ వేలకొద్దీ ఇళ్ళు లేచాయి. హార్వీ వానకు ఆ జలాశయాలు నిండిపోయి, కట్టలకు ఎగువన ఉన్న ఇళ్ళలోకి నీరు పోయింది. నీటిని ఆపి ఉంచితే కట్టల అంచులు దాటి అదుపు లేకుండా పోతుంది. వదిలితే దిగువన ఉన్న ఇళ్ళు మునుగుతాయి. ఆగస్టు 28 తెల్లవారుజామున ఇంజనీర్లు తలుపులు ఎత్తి నీరు వదిలారు. నాలుగు రోజుల వానకు మునగని ఇళ్ళు, ఆకాశం తేటపడినాక మునిగాయి. ఆ నీరు రోజుల తరబడి తీయలేదు. నగరాన్ని కాపాడటానికి కట్టిన కట్టే కొందరికి ఇలా గండమయింది.

నీరు తీసినాక జనం ఇళ్ళకు తిరిగి వచ్చారు. అసలు శ్రమ అప్పుడు మొదలయింది. అక్కడి ఇళ్ళు చాలావరకు మన ఇళ్ళలాగా ఇటుకగోడలవి కావు. నిలువు చెక్కలు పాతి, వాటికి రెండు వైపులా జిప్సం పలకలు కొడతారు. మధ్య ఖాళీలో వేడీ చలీ రాకుండా దూదివంటి పదార్థం కూరుతారు. జిప్సం పలక దీపపు వత్తిలాగా నీటిని పైకి పీలుస్తుంది. నీరు మోకాలిదాకా వస్తే, గోడలో తడి నడుము దాటిపోతుంది. తడిసిన గోడలో ఒకటి రెండు రోజులకే బూజు పడుతుంది. ఆ బూజు గాలిలో కలిసి ఊపిరితిత్తులకు జబ్బు తెస్తుంది. కనక నీరు తీసిన వెంటనే తివాచీలు చుట్టి బయట వెయ్యాలి. గోడపలకలను నాలుగడుగుల ఎత్తున కోసి పీకెయ్యాలి. లోపలి తడి దూదినంతా లాగెయ్యాలి. చెక్కలు ఆరేదాకా పంకాలు తిప్పాలి.

ఒక కుటుంబం ఈ పనంతా రెండు రోజులలో ఎలా చెయ్యగలదు? ఇంటివాడు ముసలివాడైతే అసలే చెయ్యలేడు. అందుచేత జనం జట్లు కట్టారు. ముక్కుకు గుడ్డలు కట్టుకుని, పలుగులూ సుత్తులూ పట్టుకుని, ఇవాళ ఈ ఇల్లు, రేపు ఆ ఇల్లు అంటూ వీధి వెంట పనిచేశారు. మునగని ఇళ్ళవాళ్ళు వంటచేసి పంపారు, బురదబట్టలు తీసుకుపోయి ఉతికి తెచ్చారు. పిల్లలు మంచినీళ్ళు అందించారు. తడిసిన ఫోటోలను ఒకటొకటిగా విడదీసి ఆరబెట్టారు. ప్రతి ఇంటి ముందూ విరిగిన పలకలూ, ఉబ్బిన బల్లలూ, పాడైన బొమ్మలూ మనిషెత్తు గుట్టలుగా పడ్డాయి. ఒక ఇంటివాళ్ళ బతుకంతా అలా వీధిలో పడి ఉండటం చూసి కన్నీరు పెట్టనివారు లేరు.

ఆ వరదలో టెక్సస్‌లో కనీసం 68 మంది చనిపోయారు. వారిలో దాదాపు అందరూ వాననీటి వరదకు బలి అయినవారే. నష్టం 12,500 కోట్ల డాలర్లని లెక్క తేలింది. మునిగిన ఇళ్ళలో చాలావాటికి వరద బీమా లేదు. డబ్బున్న పేటలు త్వరగా తేరుకున్నాయి. బీదల పేటలలో కొన్ని ఇళ్ళ కప్పుల మీద నీలం రంగు పట్టాలు ఏళ్ళ తరబడి కనిపించాయి. ఇరుగుపొరుగు ఎంత మంచివారైనా, వారు అందరూ బీదవారే అయితే ఇల్లు తిరిగి కట్టుకోవటానికి ప్రభుత్వసహాయం కూడా కావాలి.

జనం ఆ సంగతి గ్రహించారు. హార్వీ వచ్చి సరిగ్గా ఏడాది అయిన రోజున, 2018 ఆగస్టు 25న, హ్యారిస్ కౌంటీలో వోట్లు తీసుకున్నారు. వాగులు వెడల్పు చెయ్యటానికీ, నీరు నిలిచే చెరువులు తవ్వటానికీ, వరద ఎప్పుడూ వచ్చే చోట ఉన్న ఇళ్ళను కొని తీసివెయ్యటానికీ 250 కోట్ల డాలర్లు అప్పు తెచ్చి ఖర్చు చేద్దామా అన్నది ప్రశ్న. ఆ అప్పు తీర్చటానికి తాము పన్ను కట్టాలని తెలిసి కూడా, వోటు వేసినవారిలో అత్యధిక సంఖ్యాకులు చేద్దామనే అన్నారు. తమ ఇల్లు మునగనివారు కూడా అందులో ఉన్నారు.

భూమి వేడెక్కిన కొద్దీ గాలి ఎక్కువ తేమను మోస్తుంది. అలా వేడెక్కి ఉండకపోతే హార్వీ వాన సుమారు 15 శాతం తక్కువగా ఉండేదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. కనక ఇటువంటి వానలు ఇకముందు కూడా వస్తాయి. మనకు ఇవి కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాదిమంది కొట్టుకుపోయినప్పుడు, బతికినవాళ్ళను బతికినవాళ్ళే చెట్ల మీది నుంచి దించి కాపాడుకున్నారు. ఇప్పుడు తుపాను ఎక్కడ తీరం దాటేదీ ముందుగానే తెలుస్తున్నది. అయినా మన వీధిలో నడవలేని అవ్వ ఏ ఇంట ఉన్నదో, ఒంటరిగా ఉండే ముసలాయన ఎవరో, మేడ ఉన్న ఇల్లు ఏదో, పొడుగు నిచ్చెన ఎవరి పెరట్లో ఉన్నదో ఏ ఉపగ్రహమూ చెప్పదు. అది వీధిలో వాళ్ళకే తెలియాలి.

ఈసారి తుపాను కబురు వినే లోపల, మీ అమ్మా నాన్నలతో కలిసి కూర్చుని ఆ నాలుగు సంగతులూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.